చిన్న కంప్యూటర్ కేసులో వాటర్ కూలింగ్: బెజవాడ ఎండల్లో వచ్చే తిప్పలు, వాటికి మందు

సంక్రాంతి సెలవుల్లో కట్టిన కంప్యూటర్ మార్చి దాకా కొత్తల్లుడిలా మర్యాదగానే ఉంది. ఏప్రిల్‌లో అలక మొదలుపెట్టింది. పటమటలో మాది మేడ మీద గది, నెత్తిన స్లాబు తప్ప ఇంకో అంతస్తు లేదు. మధ్యాహ్నం మూడింటికి గదిలోనే 37 డిగ్రీలు. కేసు చూస్తే 15 లీటర్లది, మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు, ఒకే ఒక్క 240 రేడియేటర్ (రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టేది). ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ ఒక్కదాని మీదే బతకాలి. ఆ వేసవిలో నాకు ఎదురైనవి, తర్వాత స్నేహితుల మెషీన్లు విప్పినప్పుడు చూసినవి కలిపి రాస్తున్నాను.

ఒక సంగతి ముందే అనుకుందాం. పంపు, బ్లాకులు, రేడియేటర్, వాటిని కలిపే ట్యూబులు, ఈ నీళ్ల చుట్టునే లూప్ అంటారు. బ్లాకు అంటే ప్రాసెసర్ మీదో గ్రాఫిక్స్ కార్డు మీదో కూర్చునే దిమ్మ, నీళ్లు దాని లోపల్నుంచి పారతాయి. ఆ లూప్‌లో నీళ్లు దేన్నీ చల్లబరచవు. ప్రాసెసర్ దగ్గర వేడిని ఎత్తుకుని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, అంతే. అక్కడ ఆ వేడిని తీసుకోవాల్సింది గదిలో గాలి. గది 37 ఉంటే నీళ్లు 37 కంటే కిందకి, రేడియేటర్ మీద ఎంత డబ్బు పెట్టినా దిగవు. అందుకే మీ నీళ్ల ఉష్ణోగ్రత ఎంత అని ఎవరైనా అడిగితే, గదికీ నీళ్లకీ తేడా ఎంతో చెప్పండి. ఇంటర్నెట్‌లో 22 డిగ్రీల గదిలో కూర్చుని ఎవరో పెట్టిన అంకెలు చూసి మనం టెన్షన్ పడక్కర్లేదు.

లక్షణం: ఆట మొదలెట్టిన క్షణంలోనే ప్రాసెసర్ 95కి ఎగబాకుతోంది

వేడి ఎక్కే వేగమే ఇక్కడ అసలు ఆనవాలు. నీళ్లు ఇంకా గది చల్లదనంలోనే ఉండగా ప్రాసెసర్ ఒక్క గెంతులో పైకి పోయిందంటే, వేడి నీళ్ల దాకా చేరడమే లేదు. అంటే రేడియేటర్ తప్పు కాదు, ఫ్యాన్ల తప్పూ కాదు. తప్పు బ్లాకు దగ్గర ఉంది, లేదా పంపు దగ్గర.

ముందు పంపు చూడండి. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెర) దాని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, కనిపిస్తోందా? సున్నా అని ఉంటే పంపు మీద చెయ్యి పెట్టండి, సన్నటి వణుకు తెలియాలి. తిరుగుతున్నా అంకె రాకపోతే అది వేగం చెప్పే తీగ సమస్య మాత్రమే.

పంపు బాగుంటే బ్లాకు విప్పండి. మా పిన్ని కొడుకు మెషీన్‌లో బ్లాకు అడుగున అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయింది. నాలుగు రోజులు థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బ్లాకుకి అందించే ముద్ద) మార్చి మార్చి పూశాడు, అదీ పొర మీదే! పేస్టు ముద్ర చూస్తే చాలావరకు అర్థమవుతుంది. మధ్యలో పల్చగా, అంచుల దాకా సమానంగా పరుచుకుని ఉండాలి. ఒక మూల మందంగా మిగిలితే స్క్రూలు వంకరగా బిగిశాయని. ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి.

ఇంకొకటి. చాలా ప్రాసెసర్ బ్లాకుల్లో నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రం, బయటికి వచ్చే రంధ్రం వేరువేరు. తిప్పి కలిపితే పనిచేస్తుంది గానీ నాలుగైదు డిగ్రీలు దండగ. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో ఎక్స్ రకం వాళ్లకి మాత్రం ఒక మాట: అవి పూర్తి పనిలో 95ని తాకేలా తయారైనవే. ఆ అంకె ఒక్కదాన్నే చూసి బ్లాకు పీకకండి.

లక్షణం: ఇరవై నిమిషాలు బాగానే ఉండి, ఆ తర్వాత అన్నీ కలిసి కాగిపోతున్నాయి

మన ఊళ్లో నూటికి తొంభై మందిది ఇదే గొడవ. బ్లాకులు పని చేస్తున్నాయి, వేడి నీళ్లలోకి చేరుతోంది, నీళ్ల నుంచి గాలిలోకే పోవడం లేదు.

ఓ చిన్న లెక్క చూడండి. చిన్న కేసు లూప్‌లో పట్టేది అటూ ఇటూగా 400 మిల్లీలీటర్లు, దాదాపు రెండు మంచినీళ్ల గ్లాసులు. అందులోకి 300 వాట్లు పోస్తూ రేడియేటర్ గాలిని ఆపేస్తే నిమిషానికి పది డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. పెద్ద ట్యాంకు పెడితే చల్లగా ఉంటుందనుకునేవాళ్లు ఉన్నారు. ఉండదు. వేడెక్కడం ఇంకొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది, ఎక్కేది మాత్రం అక్కడికే.

పరీక్ష సులువు. నీళ్ల సెన్సర్ లేకపోతే అక్వేరియం వాళ్లు వాడే డిజిటల్ థర్మామీటర్ కొనండి, దాని మొనని రేడియేటర్ లోహపు అంచుకి టేపుతో గట్టిగా అంటించండి. ఇంకో థర్మామీటర్ గదిలో, కేసుకి దూరంగా పెట్టండి. అరగంట ఆట నడిపి రెండింటి తేడా రాసుకోండి. ఇప్పుడు కేసు పక్క తలుపు తీసేసి ఇంకో అరగంట చూడండి. తేడా నాలుగైదు డిగ్రీలు తగ్గిందా? మీ కేసుకి ఊపిరాడటం లేదన్నమాట.

నాకు సరిగ్గా అదే వచ్చింది. మూత ఉంటే తేడా 21, తీస్తే 15. కారణం కూడా ఆ పూటే దొరికింది. కేసుని టేబుల్ కింద, గోడకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టాను. రేడియేటర్ ఫ్యాన్లు పైనుంచి వేడిగాలి తోస్తుంటే అది టేబుల్ చెక్కకి కొట్టుకుని పక్క జాలీలోంచి మళ్లీ లోపలికే వస్తోంది. వదిలిన గాలే పీలుస్తోంది, దుప్పటి నిండా కప్పుకుని పడుకున్నట్టు. టేబుల్ మీదకి ఎక్కించాక మూత ఉండగానే తేడా 17కి దిగింది. రూపాయి ఖర్చు లేదు.

ఇంకా తగ్గాలంటే రేడియేటర్ గదిలో తాజా గాలిని లోపలికి లాగేలా ఫ్యాన్లు తిప్పి పెట్టి చూడండి. కేసు లోపల వేడి పెరుగుతుంది, నీళ్లు మాత్రం చల్లబడతాయి. ఏది లాభమో కేసుని బట్టి ఉంటుంది, రెండూ కొలిచి చూడాల్సిందే. రేడియేటర్ రేకుల మధ్య దుమ్ము కూడా చూడండి. రోడ్డు పక్క ఇల్లయితే రెండు నెలలకే బూజులా పేరుకుంటుంది. బ్లోవర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి.

ఇవన్నీ చేశాక కూడా మే నెల మే నెలే. గది 38, తేడా 17 అంటే నీళ్లు 55. ఇలాంటి లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 రకం పంపుకి నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటకూడదు, పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ ట్యూబులు కూడా ఆ చుట్టుపక్కలే మెత్తబడటం మొదలుపెడతాయి. ఇక్కడ నేను గొప్పలకి పోను, కరెంటు తగ్గిస్తాను. గ్రాఫిక్స్ కార్డుకి పవర్ లిమిట్ 80 శాతం, రైజెన్‌కి ఎకో మోడ్ (కరెంటు తక్కువ తాగేలా కట్టేసే సెట్టింగు). 105 వాట్ల తరగతి రైజెన్ పూర్తి పనిలో 142 వాట్ల దాకా తాగుతుంది, 65 వాట్ల ఎకోలో 88 దగ్గర ఆగుతుంది. ఆటలో తేడా నా కంటికి ఆనలేదు. నీళ్లలో మాత్రం ఆరు డిగ్రీలు తగ్గాయి. వానలు పడ్డాక మళ్లీ పెంచుకోవచ్చు.

ఐసు ముక్కల సలహా ఎవరైనా ఇస్తే వినకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి మన ఉక్కపోతలో ఎంతసేపట్లో చెమటలు పడతాయో తెలుసుగా. ఆ చెమటే మదర్‌బోర్డు మీద పడుతుంది.

లక్షణం: కేసు అడుగున ఒక చుక్క

ముందు ప్లగ్గు పీకండి. మిగతాదంతా తర్వాత.

మామూలు లూప్‌లో నీళ్లు గది కంటే చల్లగా ఉండవు కాబట్టి, అది చెమ్మ అని సర్దిచెప్పుకోడానికి లేదు. కారుతోంది. ఎక్కడ కారుతోందో కనిపెట్టడమే కష్టం. స్లాబు కారినప్పుడు మరక ఒకచోట, చిల్లు ఇంకోచోట ఉంటుంది చూడండి, ఇదీ అంతే. చుక్క దొరికిన చోటు నుంచి పైకి వెతకండి. వేలితో తడిమితే తెలియదు. టిష్యూ కాగితాన్ని సన్నగా మెలిపెట్టి ట్యూబు వచ్చి బిగిసే ఒక్కో ఫిట్టింగ్ చుట్టూ తిప్పండి. ఎక్కడ రంగు మారితే అక్కడ.

నాది గ్రాఫిక్స్ కార్డు బ్లాకు దగ్గర దొరికింది. ఫిట్టింగ్ విప్పి చూస్తే నల్లటి రబ్బరు ఓ-రింగ్ ఒక పక్క గాడిలోంచి బయటికొచ్చి, మరకీ ప్లాస్టిక్‌కీ మధ్య నలిగి, గోటితో గిచ్చినట్టు చిన్న గాటు పడింది. పొడిగా ఉన్న రింగుని బలంగా తిప్పడం వల్ల వచ్చిన పని అది. కొత్త రింగు వేసి, దాన్ని ఒక నీటి చుక్కతో తడిపి, చేత్తో ఆగేదాకా బిగించి ఇంకో పిసరు తిప్పాను. స్పానర్ జోలికి పోలేదు. యాక్రిలిక్ బ్లాకుకి స్పానర్ వేస్తే రింగు బదులు బ్లాకే పగులుతుంది.

బోర్డు తడిస్తే గుండ్రటి సెల్ తీసేసి, నీళ్లు అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటర్ కరెంటుని పెద్దగా పారనివ్వదన్నది నిజమే, కానీ లూప్‌లో కొన్ని వారాలు తిరిగిన నీళ్లు స్వచ్ఛమైనవి కావు.

మళ్లీ నింపాక బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపుని ఒక్కదాన్నే నడిపించాలి. బోర్డుకి, ప్రాసెసర్‌కి, కార్డుకి వెళ్లే కేబుళ్లన్నీ తీసేసి, పవర్ సప్లై 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ తీగ గడిని, పక్కనున్న నల్ల తీగ గడిని కలపండి. తీగలన్నీ నల్లగా ఉంటే రంగు చూసి ఊహించకండి, రెడీమేడ్ జంపర్ ప్లగ్గు కొనండి. కింద పాత దినపత్రిక పరచండి. న్యూస్‌ప్రింట్ మీద తడి మచ్చ ఇట్టే కనిపిస్తుంది. ఆ రాత్రి మా అమ్మ మంచినీళ్ల కోసం లేచి, పేపర్ల మధ్య గుడగుడలాడుతున్న పెట్టెని చూసి, "కంప్యూటర్‌కి నీళ్లు పోయడమేంట్రా, దానికేమైనా దాహమా?" అంది. తెల్లారేసరికి పేపరు పొడిగానే ఉంది.

లక్షణం: నీళ్లు రంగు మారాయి

నీలిపచ్చ ఛాయ వచ్చి, నీళ్లు తేటగానే ఉంటే రాగి చిలుము. లూప్‌లో ఎక్కడో అల్యూమినియం కూడా ఉందేమో చూడండి. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఆటోనగర్‌లో పాత కారు రేడియేటర్ చవగ్గా దొరుకుతుందని ఒకాయన నన్ను ఊరించాడు. ఇప్పటి కార్లవి ఎక్కువగా అల్యూమినియమే, వద్దు.

జిగురుగా, పోగులు పోగులుగా ఉంటే నాచు. కిటికీ వెలుతురు తగలకుండా జరిపి, లూప్ ఖాళీ చేసి, బ్లాకు విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. లోపలి గాళ్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, వాటిలో చిన్న పోగు ఇరుక్కున్నా ప్రవాహం పడిపోతుంది. తిరిగి నింపేటప్పుడు నాచు మందు కలిపిన కూలెంట్ వాడండి. కుళాయి నీళ్లు వద్దు, మినరల్ వాటర్ క్యాను అసలే వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి, సీసా మీద ఏం రాసుందో చదివి తీసుకోండి. అదే అరలో యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

చిన్నాచితకా

గుడగుడ చప్పుడు వస్తే గాలి బుడగలు. పంపు నడుస్తుండగా కేసుని మెల్లగా నాలుగు వైపులా వంచండి, ట్యాంకులో నీళ్లు తగ్గగానే నింపండి. పంపు ఒక్క నిమిషం కూడా పొడిగా తిరగకూడదు, దాని బేరింగుకి నూనె ఆ నీళ్లే.

ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తే, ఆ పేరున్న పిన్నులకి ఏదీ తగిలించలేదని. పంపు వేగం చెప్పే తీగని అక్కడ పెట్టండి.

మూత పడకపోతే లెక్క తప్పారు. 30 మి.మీ. రేడియేటర్‌కి 25 మి.మీ. ఫ్యాను కలిస్తే 55. కేసులో 50 ఉంటే 15 మి.మీ. పల్చటి ఫ్యాన్లే గతి. ట్యూబు మడత పడితే యాంగిల్ ఫిట్టింగ్ వేయండి. చలికాలంలో సరిగ్గా వంగిన మెత్తటి ట్యూబు, వేడి నీళ్లకి మెత్తబడి మేలో అదే మూల దగ్గర నొక్కుకుపోవడం చూశాను.

అంతా కలిపాక తెర మీద బొమ్మే రాకపోతే, నీళ్లని తిట్టకముందు గ్రాఫిక్స్ కార్డుని బోర్డుకి కలిపే రైజర్ కేబుల్ చూడండి. కార్డుని బోర్డు వెనక పెట్టే చిన్న కేసుల్లో అది ఉంటుంది. కార్డు జెన్ 4 (పీసీఐఈ స్లాటులో నాలుగో తరం), కేబుల్ జెన్ 3 అయితే ఒక్కోసారి పొసగదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే మానిటర్ కేబుల్‌ని బోర్డుకి పెట్టి బయాస్‌లోకి వెళ్లి, ఆ స్లాటుని జెన్ 3కి మార్చండి. మా పిన్ని కొడుకు ఇది తెలియక లూప్ మొత్తం ఖాళీ చేశాడు.