న్యూట్రాన్ క్యాప్చర్ క్రాస్ సెక్షన్ కొలవడం ఎలా: బంగారు రేకు నుంచి బేరియం, తోరియం దాకా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లకి న్యూక్లియర్ ప్రాజెక్ట్ అంటే ఇంకా రేడియేషన్ లెక్కపెట్టే జీఎం (గైగర్-ముల్లర్) కౌంటరే. సోర్స్ పెట్టడం, మధ్యలో అల్యూమినియం రేకులు ఒక్కొక్కటే చేర్చడం, గ్రాఫ్ గీసి బైండింగ్‌కి ఇచ్చేయడం. కానీ మీ డిపార్ట్‌మెంట్‌లోనో, మిమ్మల్ని రానిచ్చే యూనివర్సిటీ ల్యాబ్‌లోనో ఒక అమెరీషియం-బెరీలియం న్యూట్రాన్ సోర్స్, ఒక గామా డిటెక్టర్ ఉంటే, నక్షత్రాల మీద పనిచేసేవాళ్లూ రియాక్టర్లు డిజైన్ చేసేవాళ్లూ రోజూ వాడే రకం సంఖ్యని మీ చేత్తో మీరే కొలవొచ్చు. ముందే ఒక మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: ఇందులో కౌంట్లు తెచ్చుకోవడం తేలిక, ఆ కౌంట్లు ఏ శక్తి ఉన్న న్యూట్రాన్ల వల్ల వచ్చాయో చెప్పగలగడమే అసలు పని.

విషయం ఏంటంటే, న్యూక్లియస్ ఒక న్యూట్రాన్‌ని పట్టుకుని, మిగిలిన శక్తిని గామా కిరణాలుగా వదిలేసి, ఒక యూనిట్ బరువెక్కుతుంది. అది జరిగే అవకాశాన్ని వైశాల్యంగా రాస్తారు, అదే క్రాస్ సెక్షన్. యూనిట్ బార్న్, అంటే 10 పవర్ మైనస్ 24 చదరపు సెంటీమీటర్లు.

ఇది మనకెందుకు అంటే, పక్కనే కడప వైపు మంగంపేట ఉంది కదా, అక్కడి బెరైటీస్ అంటే బేరియం సల్ఫేటే. ఆ బేరియంలో ఎక్కువ భాగం సూర్యుడు పుట్టకముందు ఎర్రగా ఉబ్బిన ముసలి నక్షత్రాల లోపల, ఒక్కో న్యూట్రాన్‌నీ తాపీగా పట్టుకుంటూ తయారైంది. ఈ నెమ్మది ప్రక్రియని 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ తమ పేపర్లో వివరించారు. బేరియం-138లో న్యూట్రాన్లు 82, మ్యాజిక్ నంబర్ (న్యూక్లియస్ బాగా స్థిరంగా ఉండే సంఖ్య), కాబట్టి ఇంకో న్యూట్రాన్‌ని అది అంత తేలిగ్గా పట్టుకోదు, అందుకే అక్కడ సరుకు పేరుకుపోతుంది. ప్రకృతిలో దొరికే బేరియంలో దాదాపు 72 శాతం అదే. ఎంత పేరుకుంటుందో లెక్క కట్టాలంటే దాని క్యాప్చర్ క్రాస్ సెక్షన్ తెలియాలి, దాన్ని ఎవరో ఒకరు కొలవాలి.

రెండో కారణం మనకి దక్షిణాన ఉంది. కల్పాక్కంలో కామిని అనే 30 కిలోవాట్ల చిన్న రియాక్టర్ యురేనియం-233 ఇంధనంతో 1996లో క్రిటికాలిటీకి చేరింది, అంటే గొలుసు చర్య దానంతటదే నిలబడింది. ఆ యురేనియం-233 నేలలో దొరికేది కాదు, తోరియం-232 న్యూట్రాన్‌ని పట్టుకుంటే వచ్చేది. దేశం అణు విద్యుత్ కార్యక్రమం మూడో దశలో తోరియంతో నడవాలంటే ఈ క్యాప్చర్ సంఖ్య ప్రతి శక్తి దగ్గరా గట్టిగా తెలిసి ఉండాలి.

ఇక పనిలోకి దిగుదాం. మొదటి ప్రశ్న ఏ శక్తి దగ్గర కొలుస్తున్నారు అని. బంగారాన్నే తీసుకోండి. థర్మల్ న్యూట్రాన్లకి (గది వేడిమి స్థాయికి నెమ్మదించిన న్యూట్రాన్లకి), అంటే 0.0253 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర, 98.65 బార్న్లు. నక్షత్రాల్లో ఉండే 30 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రాంతంలో సుమారు 0.6 బార్న్. మధ్యలో 4.9 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఒక రెజొనెన్స్ ఉంది, అంటే సరిగ్గా ఆ శక్తికి క్యాప్చర్ ఒక్కసారిగా ఎగబాకే చోటు, అక్కడ వేల బార్న్లు. అదే న్యూక్లియస్, మూడు చోట్ల మూడు వేరే ప్రపంచాలు. శక్తి చెప్పకుండా క్రాస్ సెక్షన్ చెప్పినవాళ్లని ఆపి అడగండి.

రెండో ప్రశ్న, పట్టుకున్నాక ఏమవుతుంది. కొత్త న్యూక్లియస్ రేడియోయాక్టివ్ అయ్యి, దాని హాఫ్ లైఫ్ (సగం క్షయం కావడానికి పట్టే కాలం), గామా తీవ్రత (100 క్షయాలకి ఆ గామా ఎన్నిసార్లు వస్తుందన్నది) బాగా తెలిసి ఉంటే యాక్టివేషన్ పద్ధతి చాలు: న్యూట్రాన్లలో ఉంచు, తీసి గామాలు లెక్కపెట్టు. బంగారం-198 హాఫ్ లైఫ్ 2.69 రోజులు, 411.8 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ గామా 100 క్షయాలకి దాదాపు 96 సార్లు వస్తుంది. జిర్కోనియం-90 లాంటిది న్యూట్రాన్ పట్టుకుంటే వచ్చే జిర్కోనియం-91 స్థిరమైనది, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు, టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కి (న్యూట్రాన్ ప్రయాణ సమయం కొలిచే పద్ధతికి) పోవాల్సిందే.

లెక్క ఇలా ఉంటుంది. సెకనుకి జరిగే క్యాప్చర్లు అంటే రేకులోని పరమాణువుల సంఖ్య గుణించు క్రాస్ సెక్షన్ గుణించు న్యూట్రాన్ ఫ్లక్స్ (చదరపు సెంటీమీటర్‌కి సెకనుకి వచ్చే న్యూట్రాన్లు). పుట్టింది పుట్టినట్టే క్షయం కూడా అవుతుంది కాబట్టి యాక్టివిటీ సాచురేషన్ (పుట్టేదీ క్షయమయ్యేదీ సమానమయ్యే స్థాయి) వైపు పెరుగుతూ పోతుంది, ఒక్కో హాఫ్ లైఫ్‌కి మిగిలిన దూరంలో సగం చొప్పున. బయటికి తీశాక డిటెక్టర్ దగ్గరికి చేరేలోపు తగ్గింది ఎంత, లెక్కపెడుతున్నంతసేపూ తగ్గింది ఎంత, ఈ రెండూ కూడా కలపాలి. గడియారం చూసి మూడు సమయాలూ సెకన్లతో సహా నోట్‌బుక్‌లో రాయండి, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు.

ఒక సెంటీమీటర్ చదరం, 25 మైక్రాన్ల మందం ఉన్న బంగారు రేకు బరువు సుమారు 48 మిల్లీగ్రాములు, అందులో 1.47 గుణించు 10 పవర్ 20 పరమాణువులు. 5 క్యూరీల సోర్స్ సెకనుకి కోటి పైచిలుకు న్యూట్రాన్లు వదులుతుంది, పారఫిన్ మైనంలోనో నీళ్ల ట్యాంకులోనో అవి నెమ్మదించాక రేకు దగ్గర థర్మల్ ఫ్లక్స్ చదరపు సెంటీమీటర్‌కి సెకనుకి 10,000 అనుకుందాం. సాచురేషన్ యాక్టివిటీ 145 బెకరెల్. వారం రోజులు ఉంచితే అందులో 83 శాతం, అంటే దాదాపు 121. డిటెక్టర్‌కి ఆనించి పెట్టి 10 శాతం ఎఫిషియెన్సీ (వచ్చిన గామాల్లో పీక్‌లో లెక్కపడే వాటా) దొరికితే సెకనుకి 11, 12 కౌంట్లు పీక్‌లో పడతాయి. పావు గంటలో 10,000 కౌంట్లు, అంటే స్టాటిస్టిక్స్ ఒక శాతానికి వచ్చేసింది. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక ఇంకాస్త ఎక్కువసేపు లెక్కపెట్టాలి, అంతే. వారం ఆగే ఓపిక లేకపోతే ముందు ఇండియం రేకుతో చేతులు అలవాటు చేసుకోండి. హాఫ్ లైఫ్ 54 నిమిషాలు, పొద్దున పెడితే మధ్యాహ్నానికి సాచురేట్ అయిపోతుంది, 1293 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ పీక్ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇండియం-115 మొత్తం థర్మల్ క్యాప్చర్ 200 బార్న్లు, ఆ 54 నిమిషాల ఐసోమర్‌కి (ఇండియం-116 తాలూకు ఎక్కువ శక్తి స్థితికి) పోయేది అందులో సుమారు 160 మాత్రమే. మీరు కొలిచింది ఆ భాగాన్నే, రిపోర్ట్‌లో అలాగే రాయాలి.

ఇప్పుడు కీలకం. ఫ్లక్స్ 10,000 అనుకుందాం అన్నాను కదా, నిజానికి అది మనకి తెలియదు. తెలుసుకోనక్కర్లేదు కూడా. మీ శాంపిల్‌నీ (మీరు కొలవాలనుకునే పదార్థాన్నీ) బంగారాన్నీ ఒకే చోట, ఒకే సైజులో, ఒకేసారి పెట్టి రెండింటి నిష్పత్తి తీస్తే ఫ్లక్స్ కొట్టేసుకుపోతుంది. రొయ్యల కాటా మీద అనుమానం వస్తే ముందు తెలిసిన రాయి పెట్టి చూస్తారు కదా, బంగారం మనకి ఆ రాయి. బంగారాన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి: ప్రకృతిలో ఒకే ఒక్క ఐసోటోపు, స్వచ్ఛంగా దొరుకుతుంది, తుప్పు పట్టదు, దాదాపు ఒకే గామా కాబట్టి డిటెక్టర్‌కి దగ్గరగా పెట్టినా రెండు గామాలు కలిసిపోయి ఒకటిగా లెక్కపడే ఇబ్బంది ఉండదు. అయితే బంగారం కొట్టుకెళ్లి 916 ముక్క తేవద్దు. అందులోని రాగి, వెండి కూడా యాక్టివేట్ అవుతాయి, బరువు లెక్క కూడా తప్పుతుంది. స్వచ్ఛత సర్టిఫికెట్ ఉన్న ల్యాబ్ రేకే కావాలి.

శక్తి సంగతి ఇంకా తేలలేదు. మైనంలోంచి వచ్చేవన్నీ థర్మల్ న్యూట్రాన్లు కావు, కొన్ని ఇంకా వేగంగానే ఉంటాయి, బంగారం తన 4.9 రెజొనెన్స్ దగ్గర వాటిని ఆత్రంగా మింగుతుంది. అందుకే ప్రతి కొలతా రెండుసార్లు చేయాలి: ఒకసారి ఉత్త రేకు, ఒకసారి ఒక మిల్లీమీటర్ కాడ్మియం డబ్బీలో పెట్టిన రేకు. కాడ్మియం సుమారు 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ కిందవాటిని దాదాపు మొత్తం ఆపేస్తుంది. రెండింటి తేడానే థర్మల్ న్యూట్రాన్ల వాటా. బంగారానికీ శాంపిల్‌కీ, ఇద్దరికీ ఈ తీసివేత చేశాకే నిష్పత్తి. కాడ్మియం విషం, గ్లవ్స్ లేకుండా పట్టుకోవద్దు, రాపిడి చేయొద్దు.

మందం గురించి చాలామంది పట్టించుకోరు, నాకు అది బాధగా ఉంటుంది. ఆ రెజొనెన్స్ శిఖరం దగ్గర న్యూట్రాన్ బంగారంలో పది మైక్రాన్లు కూడా పోలేదు, పైపొరలోనే ఆగిపోతుంది. 25 మైక్రాన్ల రేకు లోపలి పరమాణువులకి ఆ న్యూట్రాన్లు అందవు. దీన్నే సెల్ఫ్ షీల్డింగ్ అంటారు. రెండు మూడు వేరు వేరు మందాలతో కొలిచి, గ్రాముకి ఎంత యాక్టివిటీ వచ్చిందో మందానికి ఎదురుగా గీసి, సున్నా మందం దాకా పొడిగించండి. కరెక్షన్ ఫార్ములా పుస్తకంలో ఉన్నా, ఈ గ్రాఫ్ ఒక్కసారి మీ చేత్తో గీస్తే విషయం ఒంటబడుతుంది.

లెక్కపెట్టేటప్పుడు మన ఊరి ఎండ కూడా ఒక భాగమే. సోడియం అయోడైడ్ డిటెక్టర్ పీక్ స్థానం టెంపరేచర్‌తో కదులుతుంది. రోహిణి కార్తెలో కరెంట్ పోయి ఏసీ ఆగిందంటే గంటలో పీక్ పక్కకి జరిగిపోయి ఉంటుంది, మీరేమో పాత చానెళ్లలోనే వెతుకుతుంటారు. రన్‌కి ముందూ తర్వాతా సీజియం-137 పెట్టి దాని 662 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ పీక్ ఎక్కడుందో చూసుకోండి, ల్యాబ్‌కి యూపీఎస్ ఉంటే డిటెక్టర్ లైన్ దాని మీద వేయించండి. బ్యాక్‌గ్రౌండ్‌లో పొటాషియం-40 తాలూకు 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ గామా గోడల నుంచీ నేల నుంచీ ఎప్పుడూ ఉంటుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక బల్ల మీద ఉంటే భయపడకండి, గ్రానైట్ అని అమ్మినా అది నిజానికి గాబ్రో జాతి రాయి, అసలు గ్రానైట్‌తో పోలిస్తే పొటాషియం తక్కువ. ఎలాగైనా సీసం ఇటుకల మధ్యే లెక్కపెట్టండి.

ఉక్క కూడా సమస్యే. పొడి శాంపిల్ వాడితే తేమ పీల్చుకుంటుంది. లాంథనం ఆక్సైడ్ అయితే మరీ, మన కోస్తా గాలిలో బల్ల మీద వదిలేస్తే నీళ్లూ కార్బన్ డయాక్సైడూ పట్టి బరువు పెరిగిపోతుంది, పరమాణువుల లెక్క తప్పుతుంది. ఆ నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల శక్తిని కూడా మార్చేస్తుంది. బాగా కాల్చి, వెంటనే తూచి, సీల్ చేయండి. బేరియంకి కార్బనేట్ వాడితే ఈ గొడవ తక్కువ.

నక్షత్రాల శక్తికి వెళ్లాలంటే ఆ మైనం ట్యాంకు చాలదు, యాక్సిలరేటర్ కావాలి. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. లిథియం-7 మీద 1912 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్లు వేస్తే, అంటే చర్య మొదలయ్యే 1881కి కాస్త పైన, న్యూట్రాన్లు ముందుకి ఒక శంకువులా వస్తాయి, వాటి శక్తుల పంపిణీ 25 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గరి నక్షత్రపు వేడికి దాదాపు సరిపోతుంది. అంటే 29 కోట్ల డిగ్రీల నక్షత్ర గర్భాన్ని ఒక గదిలో తెచ్చిపెట్టినట్టే. రాటిన్‌స్కీ, కేప్లర్ 1988లో కార్ల్స్‌రూలో దీన్ని బంగారంతో పక్కాగా నిలబెట్టారు. శాంపిల్‌ని రెండు బంగారు రేకుల మధ్య పెట్టి, శంకువు మొత్తం దాని మీద పడేలా లిథియంకి బాగా దగ్గరగా ఉంచుతారు. బేరియం-138 క్రాస్ సెక్షన్ ఇక్కడ బంగారంలో నూట యాభయ్యో వంతు, సుమారు 4 మిల్లీబార్న్లు, పైగా బేరియం-139 హాఫ్ లైఫ్ 83 నిమిషాలే. కాబట్టి బీమ్ ఎగుడుదిగుడులు నిమిషానికోసారి రికార్డ్ చేయాలి, లేకపోతే చివరి గంటలో బీమ్ తగ్గిందా మొదట్లో తగ్గిందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. లిథియంలో పుట్టే బెరీలియం-7ని కూడా కొలవండి, ఒక్కో న్యూట్రాన్‌కి ఒక్కోటి పుడుతుంది, మొత్తం న్యూట్రాన్లెన్నో చెప్పేస్తుంది.

తోరియంకి సోడియం అయోడైడ్ వద్దు, జెర్మేనియం డిటెక్టరే. తోరియం-233 ఇరవై రెండు నిమిషాల హాఫ్ లైఫ్‌తో ప్రొటాక్టినియం-233 అవుతుంది, దాని 312 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ గామా మనకి కావాల్సింది. దాని పక్కనే, 300 దగ్గర, తోరియం సొంత క్షయ గొలుసులోని లెడ్-212 పీక్ కూర్చుని ఉంటుంది. ప్రొటాక్టినియం హాఫ్ లైఫ్ 27 రోజులు కాబట్టి తొందరేం లేదు, ఒకటి రెండు రోజులు ఆగి, న్యూట్రాన్లలో పెట్టని తోరియం ముక్క స్పెక్ట్రమ్ కూడా తీసి పక్కన పెట్టుకుని లెక్కపెట్టండి. ముంబైలో బార్క్, టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థల పెల్లెట్రాన్ యాక్సిలరేటర్ దగ్గర లిథియం చర్య న్యూట్రాన్లతో ఈ కొలత చేశారు, ఆ పేపర్లు చదవండి.

టైమ్ ఆఫ్ ఫ్లైట్ మన చేతిలో పని కాదు కానీ సూత్రం తెలియాలి. యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో ఎన్-టాఫ్ అనే న్యూట్రాన్ ఏర్పాటులో ప్రోటాన్ పల్స్ సీసం మీద పడగానే న్యూట్రాన్లు పుట్టి 185 మీటర్లు పరిగెత్తుతాయి. 1 ఎలక్ట్రాన్ వోల్ట్ న్యూట్రాన్‌కి 13 మిల్లీసెకన్లు, 25 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే 85 మైక్రోసెకన్లు. ఎప్పుడు గామా వచ్చిందో చూస్తే ఏ శక్తి న్యూట్రాన్ పట్టుబడిందో తెలిసిపోతుంది.

సోర్స్ విషయంలో ఏ మొహమాటమూ వద్దు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉన్న చోట, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఎదుట, ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకునే పని. సోర్స్‌ని పొడవాటి పట్టకారుతోనే కదపాలి.

చివర్లో రాసే రిపోర్ట్‌లో ఒక్క సంఖ్యా, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఉంటే సరిపోదు. రేకు బరువు, మందం, మూడు సమయాలు, వాడిన హాఫ్ లైఫ్, గామా తీవ్రత, బంగారానికి మీరు తీసుకున్న విలువ, ఎఫిషియెన్సీ ఎలా తెచ్చుకున్నారు, ఏ తప్పు రెండు రేకులకీ ఉమ్మడి, ఏది వేరు, అన్నీ విడివిడిగా రాయండి. రేపు బంగారం ప్రామాణిక విలువ కాస్త మారినా, అప్పుడు మీ కౌంట్లు తీసుకుని ఎవరైనా కొత్త జవాబు లెక్క కట్టుకోగలగాలి. ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) నడిపే ఎక్స్‌ఫోర్ డేటాబేస్‌లో పాత కొలతలు అలాగే ఉంటాయి, ఉచితంగా చూడొచ్చు. మీ ఐసోటోపు పేరు కొట్టి, ఇంతకుముందు ఎవరెవరు ఏ శక్తి దగ్గర ఎంత అన్నారో ఒక గ్రాఫ్ మీద వేసి, మీ పాయింట్ కూడా అక్కడ పెట్టి మీ గైడ్‌కి చూపించండి.