కమోడోర్ 64 సీరియల్ వేగం పెంచే ముందు జాగ్రత్తలు

కోనసీమలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ముందు ఈ పాత ఇంటి కంప్యూటరు యూజర్ పోర్టు (బయటి పరికరాలు తగిలించే చోటు) అంచు చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

ఉరుములు వినిపిస్తే పని మొదలుపెట్టవద్దు.

ప్లగ్గు పీకాకే కేబులు తగిలించండి. తలకిందులుగా పెట్టకండి: పై వరుసలోని 10, 11 పిన్నుల్లో 9 వోల్టుల ఏసీ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం వోల్టేజీ. ఈ పోర్టుది 5 వోల్టుల సంకేతం. ఆర్‌ఎస్-232 (ఎక్కువ వోల్టేజీ వాడే సీరియల్ ప్రమాణం) తీగ నేరుగా కలిపితే ఈ పోర్టును నడిపే సీఐఏ 6526 చిప్పు కాలిపోవచ్చు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, దయచేసి తెగించకండి. మధ్యలో మ్యాక్స్232 వంటి లెవెల్ కన్వర్టర్ (వోల్టేజీని సరిపడేలా మార్చే చిప్పు) తప్పనిసరి.

డ్రైవరు కోసం రామ్‌లో ఖాళీ చూసుకోండి. సెకనుకు 9600 బిట్ల వేగానికి యూపీ9600 అనే పద్ధతి వైరింగు, దాని డ్రైవరు (దాన్ని నడిపే ప్రోగ్రాము) రెండూ కావాలి. ఒక్కటే ఉంటే లాభం లేదు.