తుఫాను ముందు రెడిస్ జాగ్రత్తలు: కాన్ఫిగ్ మార్చి రీస్టార్ట్ కొట్టకండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం తీరంలో వాయుగుండం అంటే కరెంటు పోవడమే. కరెంటు వచ్చాక, రెడిస్ అనే డేటాబేస్ మీద నడిచే పనుల యాప్ తెరిస్తే జాబితా ఖాళీ! ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకు ఇలాంటి యాప్ నడుపుతుంటే ఇది ఉత్త చికాకు కాదు. పొద్దున పెట్టిన ‘మేత వేశాం’ టిక్కు మాయమైతే ఇంకొకరు వచ్చి మళ్లీ వేస్తారు. ఎక్కువైన మేత అడుగున కుళ్లుతుంది. యూపీఎస్ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ముందు ఎంత పోతుందో లెక్క చూసుకోండి. రెడిస్ డేటాను ర్యామ్‌లో ఉంచి, అప్పుడప్పుడూ డిస్కు మీదికి స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి మొత్తం డేటా నకలు) దించుతుంది. రెడిస్ 7 డిఫాల్టు ప్రకారం నిమిషంలో 10,000 మార్పులు, 5 నిమిషాల్లో 100, లేదా గంటలో కనీసం 1 ఉంటేనే స్నాప్‌షాట్ దిగుతుంది. పది చెరువుల యాప్‌లో 5 నిమిషాలకు 100 టిక్కులెక్కడ పడతాయి? మీకు వర్తించేది గంట లెక్కే. 59వ నిమిషంలో కరెంటు పోతే ఆ 59 నిమిషాల పనీ గల్లంతే. అందుకే ప్రతి మార్పునూ రాసుకుంటూ పోయే ఏఓఎఫ్ (అపెండ్ ఓన్లీ ఫైల్) కావాలి. సెకనుకోసారి డిస్కుకు ఎక్కించే ‘ఎవ్రీసెక్’ పెడితే పోయేది సెకనో, రెండో.

ముంచేది ఇక్కడే. హెచ్చరిక చూసిన కంగారులో కాన్ఫిగ్ ఫైల్లో ఏఓఎఫ్ స్విచ్ అయిన ‘అపెండ్‌ఓన్లీ’ని ‘ఎస్’ (yes) చేసి రీస్టార్ట్ కొడతారు. కొట్టకండి. ఏఓఎఫ్ ఆన్‌లో ఉంటే రెడిస్ లేవగానే స్నాప్‌షాట్ జోలికి పోదు, ఏఓఎఫ్‌నే వెతుకుతుంది. ఆ ఫైలు ఇంకా పుట్టనే లేదు. ఖాళీగా లేస్తుంది.

నడుస్తున్న సర్వర్ మీదే మార్చండి. ముందు స్నాప్‌షాట్ తీసే ‘బీజీసేవ్’ ఇచ్చి, అది పూర్తయ్యాక స్నాప్‌షాట్ ఫైలు ‘డంప్.ఆర్‌డీబీ’ని వేరే చోటికి కాపీ చేయండి. రెడిస్‌లో ఎన్ని కీలున్నాయో చెప్పే ‘డీబీసైజ్’ అంకె రాసుకోండి. తర్వాత ‘కాన్ఫిగ్ సెట్ అపెండ్‌ఓన్లీ ఎస్’. ‘ఇన్ఫో పెర్సిస్టెన్స్’లో ఏఓఎఫ్ రీరైట్ (ఉన్న డేటా అంతా ఏఓఎఫ్‌లోకి రాయడం) ముగిసి, ‘ఓకే’ కనబడేదాకా ఆగండి. చివర ‘కాన్ఫిగ్ రీరైట్’. ఇది మరిచిపోతే మార్పు ఫైల్లోకి ఎక్కదు, తర్వాతి రీస్టార్ట్‌లో మళ్లీ గంట లెక్కే. ఇవన్నీ అయ్యాకే రీస్టార్ట్ చేసి అంకె సరిచూసుకోండి.

ఇప్పటికే ఖాళీగా లేచిందా? మళ్లీ రీస్టార్ట్ చేయకండి. మామూలుగా ఆపితే ఆ ఖాళీ జాబితానే పాత స్నాప్‌షాట్ మీద రాసేస్తుంది. ముందు ‘డంప్.ఆర్‌డీబీ’ కాపీ తీయండి, ఆ తర్వాత ఏమీ సేవ్ చేయకుండా ఆపే ‘షట్‌డౌన్ నోసేవ్’. ‘అపెండ్‌ఓన్లీ’ని ‘నో’ చేసి, కాపీని దాని చోట పెట్టి లేపండి. డేటా కనబడ్డాక పై పద్ధతిలో మార్చండి.

ఇక మిగతావి:

- మ్యాక్స్‌మెమరీ పాలసీ (ర్యామ్ పరిమితి నిండితే ఏం చేయాలో చెప్పేది) ‘నోఎవిక్షన్’, అంటే ఏదీ చెరపొద్దని. ‘ఆల్‌కీస్ ఎల్ఆర్‌యూ’ పెడితే పరిమితి దాటగానే చాన్నాళ్లుగా ముట్టని పనులు చెప్పాపెట్టకుండా చెరిగిపోతాయి.
- లినక్స్‌లో ఓవర్‌కమిట్ మెమరీ సెట్టింగు 1. లేకపోతే ర్యామ్ ఇరుకైనప్పుడు స్నాప్‌షాట్ ఫెయిలవుతుంది, ఆపై రెడిస్ కొత్త టిక్కులు తీసుకోదు.
- డాకర్‌లో అయితే పేరు పెట్టిన వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ) తగిలించండి.
- రెడిస్ వాడే 6379 పోర్టు బయటికి తెరవద్దు.
- జాబితా రెడిస్‌లో కాక ప్రోగ్రామ్ వేరియబుల్‌లోనే ఉంటే ఇందులో ఏదీ మిమ్మల్ని కాపాడదు. ముందు దాన్ని మార్చండి.
- కాపీ అదే గదిలో వద్దు, అదే ఊళ్లో కూడా వద్దు. 2021 నవంబరు పెన్నా వరదకు నెల్లూరు దగ్గర హైవే రాకపోకలే ఆగిపోయాయి.
- కాపీని ఇంకో మెషీన్లో లేపి చూడండి. లేవని కాపీ లెక్కలోకి రాదు.
- గాలి మొదలయ్యాక ఏ సెట్టింగూ ముట్టకండి.
- మళ్లీ చెబుతున్నాం: కాన్ఫిగ్ ఫైల్లో ‘ఎస్’ రాసి రీస్టార్ట్ కొట్టకండి.