రెండు చిన్న సోలార్ ప్యానెళ్లను సిరీస్‌లో కలపాలా, పారలల్‌లో కలపాలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో చాలా రోజుల పాటు కరెంటు లేదు. అటువంటి రోజుల కోసం మడిచి దాచుకోగల వంద వాట్ల ప్యానెళ్లు రెండు కొని పెట్టుకున్నవారు ముందుగా తేల్చుకోవలసింది, వాటిని ఏ పద్ధతిలో కలపాలన్నదే. సిరీస్‌లో కలిపితే పవర్ పెరుగుతుందని కొందరు కొట్టువాళ్లు చెబుతుంటారు గాని, అది నిజం కాదు. ఎలా కలిపినా ప్యానెళ్లు ఇవ్వగలిగేది రెండు వందల వాట్లే.

ప్యానెల్ వెనుక అంటించిన చీటీని మొదట చదవాలి. ఈ తరహా ప్యానెళ్లలో చాలావాటికి ఏ లోడూ లేనప్పటి వోల్టేజీ దాదాపు 22, పని చేస్తున్నప్పటి వోల్టేజీ దాదాపు 18, కరెంటు దాదాపు ఐదున్నర ఆంపియర్లు ఉంటుంది. ఒక ప్యానెల్ ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు తగిలించి, మిగిలిన రెండు కొసలను బ్యాటరీ చార్జింగును అదుపు చేసే కంట్రోలర్‌కు తీసుకువెళితే అది సిరీస్; అప్పుడు వోల్టేజీ 36కు పెరుగుతుంది, కరెంటు ఐదున్నర దగ్గరే ఉంటుంది. వై కనెక్టర్లతో రెండు ప్లస్‌లను ఒకటిగా, రెండు మైనస్‌లను ఒకటిగా కలిపితే అది పారలల్. అప్పుడు వోల్టేజీ 18 దగ్గరే ఉండి, కరెంటు 11 ఆంపియర్లవుతుంది.

నిర్ణయం ప్రధానంగా కంట్రోలర్‌ను బట్టి ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీకి చవకైన పీడబ్ల్యూఎం కంట్రోలర్ వాడుతున్నట్లయితే పారలల్ తప్ప మరో ఆలోచన అక్కరలేదు, ఎందుకంటే అది ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి, అంటే 13 దగ్గరకు, లాగేస్తుంది కాబట్టి సిరీస్‌లో 72 వాట్లకు మించి రాదు, అదే పారలల్‌లో సుమారు 143 వాట్లు వస్తాయి. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి తగినట్లు మార్చుకోగలదు, కాని దాని గరిష్ఠ పరిమితిని మాత్రం దాటకూడదు. బ్యాటరీ, కంట్రోలర్ ఒకే పెట్టెలో ఉండే పోర్టబుల్ పవర్ స్టేషన్ మీద 30 వోల్టులని రాసి ఉంటే, సిరీస్‌లో లోడు లేనప్పుడు వచ్చే 44 వోల్టులు దాన్ని పాడుచేయవచ్చు. పైగా చీటీ మీది అంకెలు 25 డిగ్రీల వేడికి చెప్పినవి. ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ వోల్టేజీ సుమారు 0.3 శాతం పెరుగుతుంది కనుక, 15 డిగ్రీలుండే శీతాకాలపు ఉదయాన ఆ 44 కాస్తా 45 దాటుతుంది. అందుకే పరిమితికి పది, పదిహేను శాతం దిగువనే ఉండడం మంచిదని నా అభిప్రాయం.

తరువాత చూడవలసింది నీడ. కవిటి, సోంపేట వైపు కొబ్బరి లేని పెరడు అరుదు, ఒక్క మట్ట నీడ ప్యానెల్ మీద అడ్డంగా పడినా నష్టం పెద్దదే. సిరీస్‌లో ఒకే కరెంటు రెండింటి గుండా పోవాలి గనుక నీడపడ్డ ప్యానెల్ రెండోదాన్ని కూడా కిందికి లాగేస్తుంది. నీడపడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ఉంటే ఆ నష్టం కొంత తగ్గుతుంది గాని, మడత ప్యానెళ్లన్నిటిలోనూ అవి ఉండవు. పారలల్‌లో ఎండలో ఉన్న ప్యానెల్ తన పని తాను చేసుకుపోతుంది.

నీడ తప్పించడానికి ప్యానెళ్లను దూరంగా, ఖాళీ కళ్లంలో పెట్టి వైరు లాగితే లెక్క మారుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పదిహేను మీటర్ల దూరం, అంటే రానూపోనూ ముప్పై మీటర్లు, లాగితే పారలల్‌లో ఒకటిన్నర వోల్టుకు పైగా, అంటే దాదాపు తొమ్మిది శాతం, దారిలోనే పోతుంది. సిరీస్‌లో ఆ నష్టం రెండు శాతం చిల్లరే. ఎంపీపీటీ ఉండి, వోల్టేజీ పరిమితికి లోబడి ఉంటే ఇటువంటి చోట సిరీస్‌దే పైచేయి.

వేర్వేరు వాట్ల ప్యానెళ్లు ఉంటే, వాటి వోల్టేజీలు ఒకటైతే పారలల్, కరెంట్లు ఒకటైతే సిరీస్ నయం. పారలల్‌లో ప్యానెళ్లు మూడు లేక అంతకు మించి ఉంటే ఒక్కోదానికీ విడిగా ఫ్యూజు ఉండాలి, లేకుంటే చెడిపోయినదానిలోకి మిగతావాటి కరెంటు చొరబడుతుంది.

కలిపేటప్పుడు ప్యానెళ్ల మీద మందపాటి గుడ్డ కప్పి, ప్యానెల్ వైర్ల కొసలకుండే ఎంసీ4 కనెక్టర్లను టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. గుడ్డ తీసి, కంట్రోలర్‌కు తగిలించకముందే మల్టీమీటర్‌తో కొసలు కొలిస్తే, మంచి ఎండలో సిరీస్‌కు 44, పారలల్‌కు 22 చుట్టుపక్కల చూపాలి. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో ప్లస్, మైనస్ తారుమారయ్యాయని అర్థం. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీని, ఆ తరువాతే ప్యానెళ్లను తగిలించాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లను తీయాలి, అదీ మళ్లీ గుడ్డ కప్పాకే, ఎందుకంటే కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే డీసీ నిప్పురవ్వ ఇంట్లోని కరెంటు రవ్వలా తొందరగా ఆరిపోదు.