అటక దించిన ఆటపెట్టె పలకకపోతే: సమస్య - పరిష్కారం

కళింగపట్నం నుంచి బారువ దాకా తీరంలో కాపురమున్నవారికి ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో చెప్పనక్కరలేదు. అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉన్న వీడియో గేమ్ పెట్టెకూ, పాత కంప్యూటర్‌కూ తగిలింది ఆ ఉప్పుగాలే. అందుకని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యంత్రం పలకకపోతే ఐసీ (లోపలి చిప్పు) పోయిందని ముందే తీర్మానించకండి. ముందు కరెంటును అనుమానించండి, తరువాత అతుకులను, ఆ తరువాత టీవీని. చిప్పు వంతు అందరికన్నా చివర రావాలి.

చేతిలో వోల్టులు కొలిచే మల్టీమీటర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, పెన్సిల్ గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరు ఉంటే చాలు. ఆల్కహాల్ బదులు శానిటైజర్ పూయవద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది జిడ్డుగా మిగిలిపోయి మళ్ళీ దుమ్మును పట్టుకుంటుంది.

స్విచ్ వేస్తే ఏ లైటూ వెలగదు

కారణం చాలాసార్లు పెట్టెలో ఉండదు, అడాప్టర్‌లో ఉంటుంది. అసలు అడాప్టర్ ఎక్కడో పోతుంది, ఇంట్లో దొరికిన రూటర్ అడాప్టర్ గుచ్చేస్తారు. ఇక్కడే ప్రమాదం. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి పిన్ను లోపలి భాగం పాజిటివ్. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఆటపెట్టె ఫ్యామికామ్‌కూ, 1982 నాటి బ్రిటన్ ఇంటి కంప్యూటర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌కూ లోపలి భాగం నెగెటివ్. మీ పెట్టె అడుగున ఉన్న గుర్తు చూసి, మీటర్‌తో సరిపోల్చాకే గుచ్చండి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ 9 వోల్టులదని రాసి ఉన్నా, ఉత్తినే కొలిస్తే 12, 13 చూపిస్తుంది. కంగారు పడవద్దు, లోడు పడగానే దిగుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెట్టె అయితే అడాప్టర్ 120 వోల్టులదై ఉంటుంది. మన 230లో పెడితే కాలిపోతుంది. దాన్ని పక్కన పడేసి ఇక్కడిది సరైనది కొనండి.

అడాప్టర్ బాగానే ఉంటే లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్‌ను వెతకండి. రాత మీవైపు ఉండేలా చూస్తే ఎడమ కాలు లోపలికి వచ్చే కరెంటు, మధ్యది గ్రౌండు, కుడిది బయటికి పోయే 5 వోల్టులు. ఎడమన 9 ఉండి కుడిన 5 లేకపోతే, దాని తరువాత ఎక్కడా షార్ట్ లేదని చూసుకుని రెగ్యులేటర్ మార్చండి. చాలా చవకైన భాగం. టంకం పెట్టడం రాకపోతే పాత టీవీ మెకానిక్‌కు ఇవ్వండి. సెల్‌ఫోన్ రిపేరు కుర్రవాళ్ళ కన్నా ఈ పనికి వారి చెయ్యి నయం.

లైటు వెలుగుతుంది, తెర మీద గళ్ళూ గజిబిజి రంగులూ

ఇది మన ప్రాంతపు అసలు జబ్బు. తొంభైల్లో మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో ఇంటింటా కనిపించినవన్నీ ఫ్యామికామ్ నకళ్ళే. వాటిలో గుచ్చే ఆట క్యాసెట్‌కు 60 కాళ్ళ అంచు ఉంటుంది. వాటిలో ఏ ముఖ్యమైన కాలు మీదో చిలుము పడితే మారియో బదులు గళ్ళు వస్తాయి.

అప్పట్లో అందరం క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదేవాళ్ళం, అది పనిచేసేది కూడా. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. ఆ కదలికకు కాళ్ళు ఒరుసుకుని అతుకు కుదిరేది. నోటి తడి మాత్రం లోపలే ఉండిపోయి, ఉప్పుగాలితో కలిసి చిలుమును పెంచింది. కాబట్టి ఈ ఒక్క అలవాటును జ్ఞాపకాల్లోనే ఉంచుకుని, ఇప్పుడు ఊదకండి.

ముందు తెల్ల రబ్బరుతో అంచు మీద తేలికగా రుద్దండి. పొడి దులిపి, ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడవండి. పుల్ల నల్లబడకుండా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. గరుకు కాగితం వాడితే పై పూత లేచిపోతుంది, మరుసటి వానాకాలానికే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. పెట్టెలోని సాకెట్‌ను మరచిపోవద్దు: పలచని అట్టముక్కకు నూలుగుడ్డ చుట్టి, ఆల్కహాల్ తడిపి, క్యాసెట్‌లా పెట్టి తీయండి. పూర్తిగా ఆరాకే స్విచ్ వేయండి.

బొమ్మ సరిగా వచ్చి మధ్యలో ఆగిపోతుంటే, పెట్టె విప్పి బల్లి రెట్టలూ చీమల మట్టీ ఉన్నాయేమో చూడండి. నవ్వకండి, తరచుగా ఉంటాయి.

బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. లేదా రంగులు రావు

యాంటెనా వైరుతో కలిపినప్పుడు వచ్చే తంటా ఇది. మన దేశపు పాల్-బి అనే టీవీ ప్రసార పద్ధతిలో శబ్దం బొమ్మకు 5.5 మెగాహెర్ట్‌జ్ దూరంలో ఉంటుంది. చైనా పాల్-డి పద్ధతిలో 6.5. చైనా మార్కెట్ కోసం చేసిన పెట్టె మన పాత టీవీలో బొమ్మ చూపించి మౌనంగా ఉండిపోతుంది. పాడైందేమీ లేదు. పెట్టె వెనక పసుపు, ఎరుపు లేదా తెలుపు రంధ్రాలుంటే ఆడియో-వీడియో (ఏవీ) వైరు వాడండి, రెండూ తిన్నగా వస్తాయి.

జపాన్, అమెరికా పెట్టెలు ఎన్‌టీఎస్‌సీ అనే మరో ప్రసార పద్ధతివి. పాల్ మాత్రమే తెలిసిన డబ్బా టీవీలో అవి నలుపు తెలుపుగా వస్తాయి, ఒక్కోసారి బొమ్మ పైకి కిందికి దొర్లుతుంది. రెండు పద్ధతులూ తెలిసిన టీవీ చూసుకోవడమే మార్గం.

48కె (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) స్పెక్ట్రమ్‌కు టీవీలో శబ్దం రాకపోవడం లోపమే కాదు. దాని స్పీకరు పెట్టెలోనే ఉంది.

తుపాకి నొక్కినా బాతు పడదు

బొమ్మ తుపాకితో బాతులను కాల్చే ఆటలో, మీ టీవీ ఎల్ఈడీ అయితే ఎంత గురిపెట్టినా బాతు పడదు. మీట నొక్కగానే ఆట తెరను ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్లని గడి చూపిస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టాలి. డబ్బా టీవీ బొమ్మను వెంటనే గీస్తుంది. పలచని టీవీ దాన్ని తనకు అనువుగా మార్చుకునేలోగా సమయం దాటిపోతుంది. దీనికి రిపేరు లేదు. పాత సామాన్లవాడికి ఇవ్వకముందే ఒక డబ్బా టీవీని కాపాడుకోండి. దాని వెనక మూత మాత్రం విప్పవద్దు. పిక్చర్ ట్యూబ్ దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసినా కొంత మిగిలే ఉంటుంది.

ఆట ఆడే రిమోట్‌లో ఏదో ఒక మీట పనిచేయదు

విప్పి, రబ్బరు అడుగున ఉన్న నల్లని కార్బన్ బిళ్ళనూ, బోర్డు మీది గీతలనూ ఆల్కహాల్‌తో తుడవండి. అయినా పలకకపోతే వైరు తెగి ఉంటుంది, సాధారణంగా రిమోట్ నుంచి బయటికి వచ్చే మెడ దగ్గర.

స్పెక్ట్రమ్ టేపు క్యాసెట్ నుంచి ఆట ఎక్కించుకోదు

తెర అంచు మీది చారలు చూడండి, జబ్బు అవే చెబుతాయి. ముందు ఎరుపు, లేత నీలం చారలు నిలకడగా రావాలి. తరువాత నీలం, పసుపు సన్నని చారలు. అసలు చారలే రాకపోతే వైరు లేదా వాల్యూమ్. వచ్చి మధ్యలో ఎర్రర్ చూపి ఆగిపోతే టేప్ రికార్డర్‌లో టేపును చదివే హెడ్డు కోణం తప్పిందన్నమాట. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను, టేపు తిరుగుతుండగా, చెవిపెట్టి వింటూ తిప్పండి. ఆ కీచుమనే రొద ఎక్కడ అతి పదునుగా వినిపిస్తుందో అదే సరైన చోటు. టేపు అసలు తిరగకపోతే బెల్టు తారులా కరిగిపోయి ఉంటుంది. తుడిచి కొత్తది వేయాలి.

క్యాసెట్ బూజు పట్టిపోతే ఆటను ఫోను నుంచే వినిపించవచ్చు. వాల్యూమ్ నిండుగా, ఈక్వలైజర్ ఆపి, ఫోన్‌కాల్ రాకుండా పెట్టుకోండి. మధ్యలో ఎవరో పలకరిస్తే ఆట మొదటి నుంచే.

కీలు వరుసలు వరుసలుగా పనిచేయకపోతే లోపలి ప్లాస్టిక్ పొర తోక పగిలిందని అర్థం. అతికించే ప్రయత్నం వద్దు. కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

బీబీసీ మైక్రో నుంచి పొగ

1984-85లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం మొదలైన క్లాస్ పథకం కింద ఈ బ్రిటన్ కంప్యూటర్లు బడులకు వచ్చాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వీటిని మన దేశంలోనే తయారుచేసింది. పొగ రాగానే అందరూ యంత్రం పోయిందనుకుంటారు. కాలింది సాధారణంగా పవర్ సప్లయిలో కరెంటు వచ్చే చోట ఉన్న పసుపురంగు కండెన్సర్. వయసుతో దాని పైతొడుగు పగిలి తేమ పీలుస్తుంది. మన వాతావరణంలో ఇది ఎలాగూ జరిగేదే, కాబట్టి పగుళ్ళు కనబడితే స్విచ్ వేయకముందే ఎక్స్2 రకానివి (నేరుగా ఇంటి కరెంటు తట్టుకునేవి) తెచ్చి మార్పించండి. ఆ డబ్బాలో 300 వోల్టులకు పైగా నిల్వ ఉండవచ్చు, తెలిసినవారి చేతే విప్పించండి.

పాత పీసీ తేదీ మరచిపోతుంది, లేదా అసలు లేవదు

తేదీ ఒక్కటే పోతుంటే నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి, అంతే.

386, 486 ప్రాసెసర్లున్న మరీ పాత పీసీల బోర్డుల సంగతి వేరు. వాటిలో చాలావాటికి పీపా ఆకారపు 3.6 వోల్టుల బ్యాటరీ బోర్డుకే టంకం వేసి ఉంటుంది. అది కారి చుట్టుపక్కల రాగి గీతలను తినేస్తుంది. యంత్రం పనిచేస్తున్నా సరే, ఈ రోజే దాన్ని కత్తిరించి తీసేయండి. కారినది క్షారం, అందుకని తెల్ల వెనిగర్‌తో తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చివర ఆల్కహాల్ పూయాలి. తెగిన గీతలను మీటర్‌తో వెతికి సన్నని వైరుతో కలపాలి. ఓపిక పని.

ఫ్లాపీలను డ్రైవులో పెట్టేముందు తలుపు జరిపి వెలుతురులో తిప్పి చూడండి. తెల్లని వలయాలు కనిపిస్తే అది బూజు. అలాగే పెడితే హెడ్డుకు అంటుకుని, తరువాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది.

పాత డాస్ ఆటలు కొత్త కంప్యూటర్‌లో మరీ వేగంగా పరిగెత్తితే వాటిని నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కుతూ వేగం తగ్గించండి.

తుఫానులో తడిసింది

2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తరువాత ఇటువంటివి చాలా ఇళ్ళలో మిగిలాయి. వెలుగుతుందేమోనని స్విచ్ వేసి చూడటమే యంత్రానికి ప్రాణాంతకం. ముందు బ్యాటరీ తీయండి. బోర్డును విడదీసి, బురద పోయేలా మంచినీళ్ళతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి, ఆల్కహాల్ పోసి, ఫ్యాను కింద రోజుల తరబడి ఆరనివ్వండి. కడగడమంటే భయపడతారు గానీ, బోర్డును చంపేది నీరు కాదు, కరెంటు ఉండగా నీరు, ఆపైన మిగిలిపోయిన ఉప్పు.

ఇవన్నీ చూశాక కూడా పలకదు

ఇప్పుడు చిప్పును అనుమానించవచ్చు. ఫ్యామికామ్ నకలు విప్పితే ఐసీ బదులు నల్లని బొట్టు కనబడితే అక్కడితో ఆగండి, దానికి రిపేరు లేదు. అదే నమూనా మరో పెట్టె నుంచి బోర్డు తెచ్చి మార్చడమే.

స్పెక్ట్రమ్‌లో నిలువు చారలు వస్తే కింది 16కె మెమరీలోని 4116 చిప్పులను చూడాలి. అవి ఎనిమిది. వాటికి +5, +12, -5 వోల్టులు మూడూ కావాలి. మీటర్‌తో మూడూ కొలవకుండా చిప్పు మార్చవద్దు, ఎందుకంటే -5 లేకపోవడం వల్లే పాతది కాలి ఉంటుంది, కొత్తదీ అలాగే కాలుతుంది. సాధారణంగా టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ పోయి ఉంటుంది. దాన్ని మార్చి, మూడు వోల్టేజీలూ నిలబడ్డాయని చూసుకున్నాక, మిగతావాటికన్నా వేడెక్కుతున్న చిప్పును తీసి, ఆ చోట సాకెట్ టంకం వేసి, కొత్తది అందులో గుచ్చండి.