పెడల్ కొనే ముందు మీ చెప్పులు చూసుకోండి

పాలకొల్లు నుంచి నరసాపురం వైపు కాలవగట్టు మీద రోజూ పొద్దున్నే సైకిలు తొక్కుతాను. చిన్నప్పుడు వదిలేసిన సైకిలు నలభై మూడో ఏట మళ్లీ పట్టుకున్నాను. నెల తిరక్కుండానే వానలో కాలు జారింది. సైకిలుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ పెడళ్లు అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉండేవి. పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టింది. ఆ మచ్చ ఇంకా పోలేదు. అందుకే కొత్తగా తొక్కేవాళ్లు ఎవరడిగినా, గేర్ల కంటే ముందు పెడళ్ల సంగతి చెబుతాను.

మనవైపు చాలామందిమి చెప్పులతోనే తొక్కుతాం. హవాయి చెప్పులకి పాత సైకిళ్లకుండే రబ్బరు దిమ్మల పెడలే హాయి. పైన చిన్న చిన్న మేకులు లేచి ఉండే అల్యూమినియం పెడల్ కొంటే మెత్తటి చెప్పుల అట్టని కొరికేస్తుంది, జారితే కాలూ గీసుకుపోతుంది. అదే బూట్లు వేసుకునేవాళ్లకైతే, రేగడి బురద అంటుకున్నా ఆ మేకులు పట్టు వదలవు. నేను మధ్యస్థంగా, గరుకు బొడిపెలున్న వెడల్పాటి నైలాన్ పెడళ్లు వేయించుకున్నాను. సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు. బొటనవేలి వెనక ఎత్తుగా ఉండే భాగం పెడల్ ఇరుసు మీదికి రావాలి, పాదం అంచు బయటికి వేలాడకూడదు. షాపులోనే కాలు పెట్టి చూడండి, మొహమాటపడకండి.

"స్పీడు కావాలంటే క్లిప్ పెడళ్లు తీసుకోండి మేడమ్" అంటారు షాపువాళ్లు. బూటు అడుగున క్లీట్ అనే చిన్న కొక్కెం లాంటి ముక్క బిగించి, పెడల్‌కి తగిలించి తొక్కేవి అవి. 1985లో ఫ్రాన్స్ రేసర్ బెర్నార్డ్ ఇనో, టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు రేసు గెలిచింది అలాంటి పెడళ్లతోనే. మంచివే, కాదనను. కానీ మన గట్ల మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే, గేదె అడ్డం తిరిగితే, ఆ క్షణంలో కాలు కింద పెట్టాలి. క్లిప్ నుంచి విడిపించుకోవాలంటే మడమ పక్కకి తిప్పాలి, అది అలవాటయ్యేదాకా పడిపోతామనే టెన్షన్ తప్పదు. పైగా నరసాపురం రేవులో సైకిలు నడిపించుకుంటూ, గోదావరి దాటించే పంటు పడవ ఎక్కాలి. రేసు బూట్ల క్లీట్లు అడుగున పొడుచుకొచ్చి ఉంటాయి, తడి ఇనుప రేకు మీద వాటితో నడవడం ప్రమాదం. మొదటి ఏడాది వద్దనే నా మాట.

తర్వాత, ఇరుసు పట్టుకుని పెడల్ తిప్పి చూడండి. కరకరమన్నా, అటూ ఇటూ ఊగినా వదిలేయండి. పెద్దవాళ్ల సైకిళ్లకి ఎక్కువగా 9/16 అంగుళాల మర ఉంటుంది, కొన్ని పిల్లల సైకిళ్లకి అర అంగుళం. పాత పెడల్ ఊడదీసి పట్టుకెళితే ఏ గొడవా ఉండదు.

బిగించడంలోనే నేను బాగా నష్టపోయాను. ఎడం పెడల్‌కి మర ఉల్టా ఉంటుందని తెలియక, కుడిది ఎడమవైపు పెట్టి పానాతో బలంగా తిప్పాను. క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, దాని లోపలి మరలు పోయాయి, క్రాంకే మార్చాల్సి వచ్చింది. మా వీధి చివర మెకానిక్ బాబాయి అప్పుడు చెప్పాడు: "ఇరుసు మీద ఎల్, ఆర్ అని ఉంటాదండి, ముందది చూడండి. ఏ వైపైనా పానా పైకెత్తి ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తాది, వెనక చక్రం వైపు తిప్పితే ఊడొస్తాది." మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కాలి. చేత్తో ఎక్కకపోతే ఆపేసి మళ్లీ సూటిగా పెట్టండి. చాలా పెడళ్లకి 15 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది, కొన్నిటికి వెనక నుంచి అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ పానా) పెట్టాలి.

మరలకి గ్రీజు రాయకుండా మాత్రం బిగించవద్దు. ఆదివారాలు పంటు దాటి అంతర్వేది దాకా వెళ్తుంటాను. ఆ ఉప్పుగాలికి ఇరుసు తుప్పుతో క్రాంకులోనే బిగుసుకుపోతుంది. అటు వెళ్లొచ్చిన రోజు మంచినీళ్లతో పెడళ్లు మెల్లగా కడిగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడతాను.