అల్లిన బొమ్మ ఎక్కడ చెడింది? చిన్న జంతువు బొమ్మల క్రోషేలో సమస్యలు - పరిష్కారాలు

అల్లిన ఏనుగు పిల్ల నిలబడకుండా పక్కకు ఒరిగిపోతుంటే మొదట కాళ్లనే అనుమానిస్తాం. విప్పి మళ్లీ కుడతాం. మళ్లీ ఒరుగుతుంది. నా మొదటి ఏనుగుకు మూడుసార్లు కాళ్లు మార్చాక తెలిసింది, నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయని, పొట్టలో దూదే ఒక పక్కకు గట్టిగా చేరిపోయిందని. క్రోషే బొమ్మల్లో తప్పు కనిపించే చోటు ఒకటి, జరిగిన చోటు ఇంకొకటి. అందుకే ఇక్కడ కంటికి కనిపించేదానితో మొదలుపెట్టి, వెనక్కి నడిచి కారణం పట్టుకుందాం.

ఈ బొమ్మలను జపాన్ మాటతో అమిగురుమి అంటారు. అల్లికను చెప్పే 'అమి', దూది కూరిన బొమ్మను చెప్పే 'నుయిగురుమి' కలిసి పుట్టిన మాట అది. దాదాపు బొమ్మంతా సింగిల్ క్రోషే అనే ఒక్క కుట్టుతో, చుట్టూ తిరుగుతూ అల్లేదే. కుట్టు ఒకటే కాబట్టి తప్పులూ కొన్నే. వేషాలు మాత్రం చాలా వేస్తాయి.

కుట్ల మధ్య కన్నాలు, లోపలి దూది కనిపిస్తోంది

నూటికి తొంభైసార్లు హుక్, అంటే అల్లే కొక్కెం సూది, పెద్దదై ఉంటుంది. ఊలు ఉండ మీది కాగితం చెప్పే హుక్ సైజు స్వెట్టర్లకూ శాలువాలకూ పనికొచ్చేది. వాటికి అల్లిక మెత్తగా జారాలి. బొమ్మకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం, దూదిని బిగించి పట్టే గట్టి గోడ. కాగితం మీద 4 మిల్లీమీటర్లు అని ఉంటే 3 తీసుకోండి, చెయ్యి వదులైతే 2.5. కాస్త లావు ఊలుకు 5 అని ఉంటే 3.5 దగ్గర మొదలుపెట్టండి. నాలుగైదు వరసలు అల్లగానే ముక్కను వేళ్లతో కొంచెం సాగదీసి వెలుతురుకు పెట్టి చూడండి. సూదిమొన అంత వెలుతురు వస్తే ఫరవాలేదు. అగ్గిపుల్ల తల దూరేంత సందు ఉంటే అప్పుడే విప్పేయండి, బొమ్మ పూర్తయ్యాక ఏడవడం కన్నా నయం.

హుక్ మార్చినా కన్నాలు పోకపోతే, పైగా బొమ్మ పొడుగ్గా సాగినట్టు వస్తుంటే, ప్యాటర్న్, అంటే ఏ వరసలో ఏ కుట్లు వేయాలో చెప్పే సూచనలు, ఏ దేశపు మాటల్లో ఉందో చూడండి. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అమెరికా వాళ్ల డబుల్ క్రోషే వేరు, అది దాదాపు రెండింతల ఎత్తు కుట్టు. బ్రిటిష్ ప్యాటర్న్ పట్టుకుని అమెరికా డబుల్ వేస్తే కుందేలు కాస్తా జిరాఫీ అవుతుంది. ఆనవాలు సులువే. బ్రిటిష్ పద్ధతిలో సింగిల్ క్రోషే అనే పేరే లేదు, కాబట్టి ఆ మాట కనిపిస్తే అది అమెరికా ప్యాటర్న్.

ఊలును హుక్ మీదికి ఎలా లాగుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. హుక్‌ను కుట్టులో దూర్చాక ఊలును మీద నుంచి చుట్టి లాగితే కుట్టు వి ఆకారంలో కూర్చుంటుంది. హుక్‌తో ఊలును కింద నుంచి పట్టి లాగితే ఎక్స్ ఆకారంలో, ఇంకాస్త బిగువుగా కూర్చుంటుంది. రెండూ సరైనవే. తల ఒకలా, ఒళ్లు ఒకలా అల్లితే మాత్రం ఒకే ప్యాటర్న్ నుంచి రెండు సైజులు వస్తాయి.

ముదురు రంగు ఊలులోంచి తెల్ల దూది చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, ఎంత బిగించి అల్లినా కొంత కనిపిస్తూనే ఉంటుంది. అదే రంగు పాత మేజోడు ముక్కను లోపల సంచిలా పెట్టి, అందులో దూది కూరండి.

హుక్ కుట్టులో దూరనే దూరడం లేదు, చెయ్యి నొప్పి

పై సలహా మరీ గట్టిగా పాటించిన వాళ్ల బాధ ఇది. హుక్ సైజు మార్చే ముందు ఒకటి గమనించండి. కుట్టు ముగించేటప్పుడు మిగిలిన ముడిని హుక్ కొన దగ్గరి సన్నటి మెడ మీద బిగిస్తున్నారా, వెనకున్న లావు కాడ మీదికి జరిపి బిగిస్తున్నారా? కుట్టు సైజు తేల్చేది కాడ. మెడ మీద బిగిస్తే 3 మిల్లీమీటర్ల హుక్ పట్టుకుని 2 మిల్లీమీటర్ల కుట్లు వేస్తున్నట్టే.

మొదటి చక్రం గిన్నెలా ముడుచుకుంటోంది, లేదా అంచు అలలు అలలుగా లేస్తోంది

బొమ్మ జాతకం మొదటి నాలుగు వరసల్లోనే తేలిపోతుంది. మేజిక్ రింగ్‌లో, అంటే కొస లాగితే బిగిసే ఊలు ఉచ్చులో, 6 కుట్లు. ఆ తర్వాత చక్రం చదునుగా పెరగాలంటే వరసకు 6 చొప్పున పెరగాలి: 12, 18, 24, 30, 36. అలా పెరగకపోతే గిన్నె అవుతుంది, అంతకన్నా ఎక్కువైతే గౌను అంచులా అలలు లేస్తాయి. ముడుచుకుంటోందంటే ఎక్కడో పెంపు మరిచిపోయారు, అంటే ఒకే కుట్టులో రెండు వేయాల్సిన చోట ఒకటే వేశారు. అలలు వస్తుంటే వరస ఎక్కడ మొదలైందో తెలియక, ముగిసిన వరస మీదే ఇంకొన్ని పెంపులు వేసేశారు.

చుట్టుచుట్టుగా అల్లడంలో వరసకు అతుకు ఉండదు, మురుకు చుట్టినట్టు సాగిపోతుంది. అందుకే ప్రతి వరస మొదటి కుట్టులో గుర్తు ఒకటి తగిలించాలి. స్టిచ్ మార్కర్ లేకపోతే పిన్నీసు, అదీ లేకపోతే వేరే రంగు దారం ముక్క. 'నాకు గుర్తుంటుందిలే' అనుకున్న ప్రతిసారీ నేను ఓడిపోయాను.

లెక్కపెట్టేటప్పుడు అంచు మీది వి ఆకారాలను లెక్కపెట్టండి. హుక్ మీదున్న ముడిని లెక్కలో కలపకండి, అది ఇంకా కుట్టు కాలేదు. కొత్తవాళ్లకు ఎప్పుడూ ఒకటి ఎక్కువ రావడానికి సగం కారణం అదే. ప్రతి వరసా ఒకటి తక్కువ వస్తుంటే, పెంపులో రెండో కుట్టు మొదటిదాని వెనక నక్కి ఉంటుంది, వేలితో పక్కకు లాగి చూడండి. అక్కడా లేకపోతే వరస చివరి కుట్టు దాటేస్తున్నట్టు.

36కు బదులు 35 వస్తే విప్పాలా? బొమ్మ మధ్యలో, పెంపు తగ్గింపులు లేని వరసల్లో అయితే నేను విప్పను. తర్వాతి వరసలో బొమ్మ వెనక వైపు ఒక పెంపు వేసి సర్దేస్తాను, ఎవరికీ కనిపించదు. మొదటి నాలుగు వరసల్లో అయితే మాత్రం తప్పకుండా విప్పుతాను.

గుండ్రంగా రావాల్సిన తల ఆరు మూలలతో వస్తోంది

మీ అల్లికలో తప్పేమీ లేదు. ప్రతి వరసలో పెంపును అదే చోట, కిందటి పెంపు మీదే వేస్తూ పోతే ఆరు గీతలు ఏర్పడి తల షడ్భుజి అవుతుంది. ఒక వరస విడిచి ఒక వరసలో పెంపుల చోటు జరపండి. ఉదాహరణకు 18 నుంచి 24కు వెళ్లే వరసలో '2 మామూలు, 1 పెంపు' అని ఆరుసార్లు వేసే బదులు, 1 మామూలు, 1 పెంపు వేసి, ఆపైన '2 మామూలు, 1 పెంపు' ఐదుసార్లు, చివర 1 మామూలు వేయండి. మొత్తం అదే 24. మూలలు మాయం.

అల్లిక తిరగబడి ఉంది

బయటి వైపు వరసలుగా వి గుర్తులు (ఊలును కింద నుంచి పట్టేవాళ్లకు ఎక్స్ గుర్తులు) కనిపించాలి. వాటి బదులు అడ్డ గీతలు కనిపిస్తుంటే లోపలి వైపు బయటికి వచ్చేసింది. ముక్క చిన్న గిన్నెలా ఉన్నప్పుడే బొటనవేలితో మధ్యలో నొక్కి తిప్పేయండి. ఆ తర్వాత హుక్ ఎప్పుడూ బయటి నుంచి లోపలికి దూరాలి. దూది కూరి మూసేశాక తెలిసిందా? బొమ్మకేమీ కాదు, మిగతా ముక్కలన్నీ కూడా అదే వైపు పెట్టండి.

మధ్యలో రింగ్ తెరుచుకుంటోంది

మేజిక్ రింగ్‌ను బిగించి, మిగిలిన కొసను ఊరికే కత్తిరిస్తే రెండు రోజుల్లో ముక్కు దగ్గర బొక్క పడుతుంది. కొస కనీసం 10 సెంటీమీటర్లు ఉంచి, మొద్దు సూదితో లోపలి వైపు రింగ్ చుట్టూ ఒక తిప్పు ఇటు, ఒక తిప్పు అటు తిప్పి అప్పుడు కత్తిరించండి. జారే ఊలు అయినా, మేజిక్ రింగ్ చేతికి రాకపోయినా, రెండు చైన్లు (గొలుసు కుట్లు) వేసి, హుక్ నుంచి రెండో చైన్‌లో 6 కుట్లూ వేసేయండి. రింగ్ తెరుచుకునే గొడవే ఉండదు.

తగ్గించే చోట గుంటలు, బొడిపెలు

రెండు కుట్లను మామూలుగా కలిపితే పక్కన సందు పడుతుంది. బదులుగా, ఆ రెండు కుట్లకూ పైన వి ఆకారంలో ఉండే రెండేసి పోగుల్లో మీ వైపున్న ముందరి పోగుల్లో మాత్రమే వరసగా హుక్ దూర్చి, ఊలు లాగి, సింగిల్ క్రోషే ముగించండి. అమిగురుమి వాళ్లు దీన్నే కనిపించని తగ్గింపు అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. చివర మిగిలే 6 కుట్లనూ అలాగే ముందరి పోగుల్లోంచి సూదితో చుట్టి, బిగించి, కొసను బొమ్మ మధ్యలోంచి అవతలికి దూర్చేయాలి.

బొమ్మ గడ్డలు గడ్డలుగా ఉంది

దూదిని ఉండలుగా కూరితే ఉండలుగానే ఉంటుంది. పాలిస్టర్ దూదిని చిటికెడు చిటికెడు తీసి, వేళ్లతో పీచులా విడదీసి, ముందు గోడల వెంబడి, తర్వాత మధ్యలో పెట్టండి. చివర్లో ఒకేసారి కూరకుండా, తగ్గింపులు మొదలవగానే కొంత, ఇంకో రెండు వరసలకు కొంత. నొక్కితే మళ్లీ లేవాలి. కుట్లు సాగి సందులు పడుతున్నాయంటే ఎక్కువైంది, తీసేయండి. మూసేసిన బొమ్మలో చిన్న గడ్డ ఉంటే బయటి నుంచే మొద్దు సూది దూర్చి లోపలి దూదిని కదిలించి సర్దవచ్చు.

మొహం ఒక పక్కకు తిరిగిపోయింది

తిప్పకుండా చుట్టూ అల్లినప్పుడు కుట్టు తన కింది కుట్టు మీద నిటారుగా కూర్చోదు. కుడిచేతి వాళ్లకు కొంచెం కుడి వైపుకు జరుగుతుంది, ఎడమచేతి వాళ్లకు ఎడమ వైపుకు. పది వరసలు ఎక్కేసరికి ఆ జరుగుడు బాగా కనిపిస్తుంది. వరస మొదలయ్యే గుర్తు కూడా ఏటవాలుగా పాకుతుంది. అందుకని కళ్లకు సూటిగా కింద ముక్కు ఉండాలని కుట్ల లెక్క మీద పెడితే మొహం మెలి తిరుగుతుంది. ఎత్తును వరసల లెక్కతో చూసుకుని, అడ్డంగా మాత్రం కంటి అంచనాతో పెట్టండి. రంగు తలల గుండుసూదులతో ముందు కళ్లు, ముక్కు పెట్టి చూసి, ఫోటో తీసి, ఆ ఫోటోను చూడండి. చేతిలో ఉన్నప్పుడు కనిపించని వంకర ఫోటోలో ఇట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత గుండుసూదులు లెక్కపెట్టి తీయండి: ఎన్ని గుచ్చారో అన్నీ బయటికి రావాలి.

సేఫ్టీ కళ్లకు, అంటే వెనక కాడ ఉన్న ప్లాస్టిక్ కళ్లకు, వెనక బిళ్ల ఒకసారి టక్కున పడిందంటే మళ్లీ రాదు, కాడను కత్తిరించాల్సిందే. తల మూయకముందే పెట్టాలి కాబట్టి తొందరపడకండి. ఇంకో మాట, పేరులో సేఫ్టీ ఉన్నా 3 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు అవి వద్దు. నములుతూ లాగితే ఊలు సాగి కన్ను బిళ్లతో సహా ఊడి రావచ్చు. చిన్న పిల్లల బొమ్మల భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసమే 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేదేదైనా గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. నల్ల దారంతో కళ్లు కుట్టేయండి. నా కంటికి అవే అందంగా ఉంటాయి కూడా.

తల ఊగిపోతోంది

మెడ సన్నగా ఉంది, దానికి తోడు మెడలో దూది లేదు. తలకూ ఒంటికీ దూది బాగానే కూరుతాం, రెండూ కలిసే చోటు ఖాళీగా వదిలేస్తాం. మెడ అంచులు 6 కుట్ల దాకా తగ్గించకుండా 12 లేదా 18 దగ్గర ఆపి, రెండు వైపులా నోళ్లు ఎదురెదురుగా పెట్టి కుట్టండి. ముప్పావు వంతు కుట్టాక ఆగి, మిగిలిన సందులోంచి హుక్ వెనక వైపుతో మెడలోకి దూది బలవంతంగా నెట్టండి. తర్వాత మూసి, ఇంకో చుట్టు కుట్టండి. ఇప్పటికే కుట్టేసిన బొమ్మకు అయితే మెడకు చిన్న మఫ్లర్ అల్లి గట్టిగా చుట్టి రెండు కుట్లు వేయండి. లోపల పుల్ల పెట్టడం కొందరి అలవాటు, పిల్లల చేతికిచ్చే బొమ్మలో అది వద్దు.

నిలబడటం లేదు

మొదట చెప్పిన ఏనుగు దగ్గరికే వచ్చాం. కాళ్లు కుట్టే ముందే ఒంటిని బల్ల మీద దొర్లించి చూడండి. ఎప్పుడూ ఒకే పక్కకు వచ్చి ఆగుతుంటే దూది అటు బరువుగా ఉంది, ముందు దాన్ని సర్దండి. తర్వాత నాలుగు కాళ్లనూ గుండుసూదులతో నిలిపి, వీపు మీద మెల్లగా నొక్కి, ముందు నుంచీ పక్క నుంచీ చూసి అప్పుడు కుట్టండి. ఏనుగుకు తొండం, పెద్ద చెవులు ఉంటాయి కాబట్టి బరువంతా ముందుకే. ముందు కాళ్లు ప్యాటర్న్ చెప్పిన దానికన్నా ఒక వరస ముందుకు జరిపితే ముక్కు మీద పడటం ఆగుతుంది. పాదం గుండ్రంగా ఉండి దొర్లిపోతుంటే, అడుగు చక్రం అవగానే ఒక వరసంతా వెనక పోగుల్లో మాత్రమే అల్లండి. అంచు పదునుగా మడత పడి పాదం చదునుగా కూర్చుంటుంది.

చారల దగ్గర మెట్టు

రంగు మార్చేటప్పుడు పాత రంగు చివరి కుట్టులో ఆఖరి లాగుడు కొత్త రంగుతో లాగాలి, పూర్తయ్యాక కాదు. కొత్త రంగులో మొదటి కుట్టును సింగిల్ క్రోషే బదులు స్లిప్ స్టిచ్‌గా (దాదాపు ఎత్తే లేని చిన్న కుట్టుగా) వేస్తే మెట్టు చాలావరకు అణుగుతుంది. పూర్తిగా పోదు. రంగు మారే చోటును వీపు వైపు వచ్చేలా చూసుకుని, మిగిలిన మెట్టు మీద తోక కుట్టేయండి.